మీకు తెలుసా? బ్రౌజరే త్రీడీ స్టూడియో!
త్రీజేఎస్ ఎడిటర్‌లో త్రీడీ దృశ్యం తయారుచేయడానికి కంప్యూటర్లో ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, బ్రౌజర్ చాలు. దీనికి ఆధారమైన త్రీజేఎస్ లైబ్రరీని రికార్డో కాబెల్లో 2010లో విడుదల చేశారు. స్వేచ్ఛగా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు కనుక ఎడిటర్‌ను మన సొంత సర్వర్‌లోనూ పెట్టుకోవచ్చు. డేటాబేస్ గొడవ లేదు, ఫైళ్లు కాపీ చేస్తే సరి.

కొత్తవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే: అలా కాపీ చేసుకున్న ఫోల్డర్‌లోని ఫైలును నేరుగా డబుల్ క్లిక్ చేస్తే ఎడిటర్ పనిచేయదు. అలా తెరిచిన పేజీలో జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లను బ్రౌజర్ భద్రత కోసం అడ్డుకుంటుంది. మన కంప్యూటర్లోనే చిన్న లోకల్ సర్వర్ నడిపితే చిక్కు వీడుతుంది.

దృశ్యం సిద్ధమయ్యాక ‘పబ్లిష్’ నొక్కితే జిప్ ఫైలు వస్తుంది. దాన్ని విప్పి మామూలు వెబ్ హోస్టింగ్‌లో పెట్టేయొచ్చు. అన్నట్టు, ఆటోసేవ్ అయ్యేది బ్రౌజర్ నిల్వలోనే. సైట్ డేటా తుడిచేస్తే దృశ్యమూ పోతుంది!