సీలియాక్ జబ్బుకు ఎండోస్కోపీ: పరీక్ష అయ్యేదాకా గోధుమ మానొద్దు

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ లబ్ధిదారులకు, నెల్లూరు జిల్లా తీర మండలాలు

సీలియాక్ అంటే ఏంటి?
గోధుమ, బార్లీలో ఉండే గ్లూటెన్ కొందరికి పడదు. తిన్నప్పుడల్లా చిన్నపేగు లోపలి పొర దెబ్బతిని, తిన్నది ఒంటికి పట్టదు. అన్నం తినే మన వైపు ఇది ఉత్తరాది కంటే బాగా తక్కువ. అందుకే ఉన్నవాళ్లలో కూడా ఆలస్యంగా బయటపడుతుంది.

ఎవరు డాక్టర్‌ని అడగాలి?
• నెలల తరబడి విరేచనాలు, కడుపుబ్బరం, బరువు తగ్గడం ఉన్నవాళ్లు
• ఐరన్ మాత్రలు సరిగ్గా వాడినా రక్తం పెరగనివాళ్లు
• వయసుకు తగ్గట్టు ఎదగని పిల్లలు
• చిన్న వయసులోనే ఇన్సులిన్ మొదలైనవాళ్లు, ఇంట్లో ఒకరికి ఈ జబ్బు ఉన్నవాళ్లు

ముందు ఏం చేయాలి?
మొదట రక్తపరీక్ష (టీటీజీ) చేస్తారు. అనుమానం ఉంటే ఎండోస్కోపీ రాస్తారు. ఎవరో చెప్పారని చపాతీ, ఉప్మా, బ్రెడ్, బిస్కెట్లు ముందే మానేయకండి. మానేస్తే పేగు కొంత మానిపోయి, జబ్బు ఉన్నా లేనట్టు రిపోర్టు రావచ్చు. ఇప్పటికే మానేసి ఉంటే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి. మళ్లీ ఎన్నాళ్లు తినాలో ఆయనే చెబుతారు.

పరీక్ష ఎలా చేస్తారు?
పరగడుపున రావాలి. ముత్తుకూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు నుంచి నెల్లూరు వచ్చేవాళ్లు దారిలో టీ, టిఫిన్ తీసుకోవద్దు. షుగర్, బీపీ, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందురోజే అడగండి. గొంతుకు మొద్దుబారే మందు కొట్టి, కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోటి గుండా పంపుతారు. చిన్నపేగు నుంచి నాలుగైదు చిన్న ముక్కలు తీస్తారు. ముక్క తీసినప్పుడు నొప్పి తెలియదు. పేగు పైకి బాగున్నట్టు కనిపించినా ముక్క పరీక్షలోనే తేలుతుంది కాబట్టి అది వద్దనకండి. మత్తు ఇస్తే ఆ రోజు బండి నడపొద్దు, తోడు మనిషిని తెచ్చుకోండి.

పథకం సంగతి
కార్డు, ఆధార్, పాత రిపోర్టులతో నెట్‌వర్క్ ఆసుపత్రిలో వైద్యమిత్రను కలవండి. మీ పరీక్ష పథకం కిందికి వస్తుందో లేదో డబ్బు కట్టకముందే అడగండి. సందేహముంటే 104కు ఫోన్ చేయండి.

జబ్బు తేలితే?
గోధుమ, మైదా, రవ్వ, సేమియా జీవితాంతం మానాలి. మలై కాజా కూడా మైదాదే. పొడి ఇంగువలో గోధుమపిండి కలుపుతారు, ప్యాకెట్ చూసి కొనండి. అన్నం, రాగి సంకటి, జొన్న, పప్పు, చేపల పులుసు హాయిగా తినొచ్చు.