క్రీడారంగంలో నేత్ర రక్షణ

విరిగిన ఎముక అతుకుకొంటుంది, చిట్లిన చర్మం కుట్లతో మానుతుంది. కన్ను అట్టిది కాదు. లోపలి రెటీనా పొర ఒకసారి చెడిందంటే శస్త్రచికిత్స చేసినా పూర్వపు చూపు వస్తుందని చెప్పలేము. అయినను మన ఆటస్థలాలలో మోకాలికున్న రక్షణ కంటికి లేదు.

నుదురు, చెంప, ముక్కు ఎముకలు కనుగ్రుడ్డు చుట్టూ కోటగోడ వలె నిలిచి ఉన్నవి. ఆ కోట ద్వారం సుమారు 4 సెంటీమీటర్ల వెడల్పు. క్రికెట్ బంతి 7 సెంటీమీటర్లకు పైబడినది కనుక దాని దెబ్బలో చాలా భాగం ఎముకలే భరిస్తాయి. షటిల్ బిరడా రెండున్నర సెంటీమీటర్లే; అది నేరుగా లోపలికి దూరగలదు. దాని బరువు 5 గ్రాములే కదా అని మనం తేలికగా చూస్తాము. మన అమలాపురం క్రీడాకారుడు సాత్విక్ సాయిరాజ్ 2023లో జపానులో జరిగిన ఒక పరీక్షలో షటిల్‌ను గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కొట్టి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. విద్యార్థులకు అంత బలం ఉండదు, నిజమే. కాని డబుల్స్‌లో జోడీల మధ్య దూరం కొద్ది అడుగులే.

గత సంవత్సరం ఒక సాయంకాలం నా మిత్రుడు వలవద్ద నిలిచి, వెనుకనున్న జోడీ ఎట్లు కొట్టునో చూడబోయి తల త్రిప్పాడు. షటిల్ కంటికి తగిలింది. బయటికి నెత్తురు కనబడలేదు. నీళ్ళు చల్లుకొని ఆట ముగించాడు. తెల్లవారేసరికి చూపు మసకబారింది. కార్నియాకు వెనుక, కంటిపాపకు ముందు ఉండే చిన్న గదిలో రక్తం చేరినదని వైద్యులు చెప్పారు. చూపు తిరిగి వచ్చినది గాని, ఇట్టి దెబ్బ తిన్నవారికి ఏళ్ళ తరువాతనైనా నీటికాసులు రావచ్చును. అందుచేత అతడు ఏటేటా కంటి ఒత్తిడి పరీక్ష చేయించుకొనవలసి ఉన్నది. దెబ్బ తగిలిన పిదప మెరుపులు, నల్లని చుక్కలు, తెర దించినట్టు నీడ కనబడితే రెటీనా ఊడుతున్నదని అనుమానించవలెను. ఇవి వారాల తరువాత కూడ రావచ్చు.

స్పిన్ బంతికి వికెట్ కీపరుకు హెల్మెట్ ఎందుకని మన వాళ్ళు నవ్వుతారు. 2000 మే నెలలో ఢాకాలో ఆసియా కప్ ఆడుతూ సబా కరీం కంటికి గాయమైనది కుంబ్లే బౌలింగులోనే. 2012లో ఇంగ్లండులోని టాంటన్‌లో దక్షిణాఫ్రికా కీపర్ మార్క్ బౌచర్ ఎడమకంటిని గాయపరచినది బంతి కాదు, ఎగిరిన బెయిల్. అప్పుడు వేస్తున్నవాడు ఇమ్రాన్ తాహిర్. బౌచర్ మరల అంతర్జాతీయ క్రికెట్ ఆడలేదు. ఒంటికంటి చూపుతో పటౌడీ నవాబు ఆడలేదా అని కొందరంటారు. ఆయన కన్ను పోయినది 1961 మోటారు ప్రమాదంలో. మరుసటి ఏడే భారత జట్టు నాయకుడైనాడు. అట్టి ప్రతిభ కోటికొకరికి.

కబడ్డీ గీతలకు వాడే సున్నం మరొక ముప్పు. అది క్షారం, క్షణక్షణానికి లోతుకు దిగుతుంది. కంట పడిన వెంటనే, ఆసుపత్రికి బయలుదేరక ముందే, అరగంటసేపు మంచినీళ్ళతో కడుగవలెను. చిర్రగోనె బిళ్ళ మొన గాని, విరిగిన స్టంపు పేడు గాని గ్రుచ్చుకొన్నప్పుడు ఇందుకు విరుద్ధం: కడుగరాదు, నొక్కరాదు, గ్రుచ్చుకొన్నదానిని లాగరాదు. కాగితపు కప్పును ఎముకపై ఆనునట్లు బోర్లించి కట్టి, వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను.

మామూలు గాజు కళ్ళద్దాలు రక్షణ కావు. పగిలితే అవే ఆయుధాలు. కాంటాక్ట్ లెన్సులు దెబ్బను ఆపవు. పాలికార్బనేట్ అద్దాలు గల క్రీడా కళ్ళజోడు కావలెను. హెల్మెట్ ఊచల మధ్య సందు బంతి దూరనంత చిన్నదిగా ఉండవలెను. ఒక కంటికే చూపు గలవారు ఇవి లేనిదే ఆటకు దిగరాదు.

రానున్న సంవత్సరపు క్రీడాసామగ్రి జాబితాలో కీపరుకొక హెల్మెట్, బాడ్మింటన్ వారికి నాలుగు కళ్ళజోళ్ళు చేర్చవలెననీ, గీతలకు సున్నం మాన్పించి సుద్దపొడి వాడించవలెననీ కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి.