కారొచ్చేది ‘వచ్చే నెల’!

అడ్వాన్సు కట్టినరోజు షోరూమ్‌లో మన మర్యాదే వేరు. కాఫీ ఇస్తారు, ఫొటో తీస్తారు, పిల్లల చేతిలో చాక్లెట్లు పెడతారు. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే జవాబు- ‘వచ్చే నెల పక్కా సార్’. శ్రావణంలో వస్తుందన్న ఎలక్ట్రిక్ కారు దసరాకి జరుగుతుంది, దసరాది దీపావళికి. ఈలోగా మూఢం వచ్చిందా, బండి గేటు ముందు నిలబడ్డా ఇంట్లో పెద్దవాళ్లు తాళం ముట్టుకోనివ్వరు. కొత్తది వస్తోంది కదా అని పాత కారు అమ్మేసుకున్నవాళ్ల అవస్థ ఇంకోటి. వాళ్ల పిల్లలు ఆటోలో స్కూలుకెళ్తుంటారు.

బండికోసం కాచుక్కూర్చోవడం మనకి కొత్తేం కాదు. 1983లో మారుతి 800కి బుకింగులు మొదలుపెడితే పదేసి వేలు కట్టి లక్షమందికి పైగా పేర్లు రాయించుకున్నారు. కారు ధరే 47,500 రూపాయలు! ఆ ఏడాది డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు అందించారు. మిగతావాళ్లు తమ వంతు కోసం ఎదురుచూశారు. అప్పట్లో కారు ఎందుకు రాలేదంటే మారుతి కర్మాగారమున్న గుర్‌గావ్ వైపు చూపిస్తే సరిపోయేది. ఇప్పుడు సముద్రాలు దాటి వెతకాలి.

ఎక్కడ ఆగింది?

చాలా ఎలక్ట్రిక్ కార్ల మోటారులో తిరిగే భాగానికి నియోడిమియం అయస్కాంతాలు అమర్చి ఉంటాయి. మోటారు వేడెక్కినప్పుడు వాటి పట్టు సడలకుండా డిస్ప్రోసియం, టెర్బియం లోహాలను చిటికెడు కలుపుతారు. 2025 ఏప్రిల్ 4న చైనా ఈ రెండింటితో కలిపి మొత్తం ఏడు అరుదైన లోహాల మీద, వాటితో చేసిన అయస్కాంతాల మీద ఆంక్ష పెట్టింది. లైసెన్సు లేనిదే సరుకు ఓడ ఎక్కదు. ప్రపంచంలో ఈ అయస్కాంతాల్లో దాదాపు 90 శాతం తయారయ్యేది అక్కడే. ఆ వేసవిలో మన కంపెనీలు కాగితాలు పట్టుకుని ఆ లైసెన్సుల కోసం పడిగాపులు పడ్డాయి. కారు ఖరీదులో అయస్కాంతాల వాటా ఏపాటిది? అయినా అవి లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే కారే లేదు.

ఆ లోహాలు మన దగ్గర లేవా అంటే ఉన్నాయి, లేవు కూడా. దేశంలో మోనజైట్ ఇసుక నిల్వలు ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్ తీరంలోనే. అందులో నియోడిమియం దొరుకుతుంది గానీ డిస్ప్రోసియం, టెర్బియం అరకొరే. పైగా దానిలో థోరియం ఉండటంతో తవ్వకాలన్నీ అణుశక్తి శాఖ నిబంధనల కిందికి వస్తాయి. విశాఖలోని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ప్రాంగణంలో ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ అయస్కాంతాల కర్మాగారం 2023 మేలో జాతికి అంకితమైంది. కానీ అక్కడ చేసేది సమేరియం-కోబాల్ట్ రకం, అదీ ఏడాదికి 3,000 కిలోలు. కార్ల మోటార్ల కోసం పెట్టింది కాదది. 2025 నవంబరులో కేంద్రం ఏటా 6,000 టన్నుల అయస్కాంతాల తయారీకి 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. మంచిదే. అయితే ఆ కర్మాగారాలు లేచేదాకా మన బుకింగ్ ఆగుతుందా?

ప్రతి ఆలస్యానికీ చైనాని చూపించడం కూడా సరికాదు. 2022 ఫిబ్రవరిలో ఫెలిసిటీ ఏస్ అనే ఓడ అట్లాంటిక్‌లో అగ్నిప్రమాదానికి గురై, మార్చి 1న సుమారు 4,000 కార్లతో సహా మునిగిపోయింది. అలాంటిది దైవాధీనం. కంపెనీలు చేతులారా చేసేవీ ఉన్నాయి. అన్నిటికన్నా ఖరీదైన వేరియంట్లను ముందు తయారు చేస్తారు, చవకవి కొన్నవాళ్లు వెనకపడతారు. మహీంద్రా ఎలక్ట్రిక్ ఎస్‌యూవీలకు 2025 ఫిబ్రవరి 14న ఒక్కరోజే 30,179 బుకింగులొచ్చాయి. పై వేరియంట్ మార్చిలో, కిందివి ఆ తర్వాత నెలల్లో అని ఆ కంపెనీ ముందే చెప్పింది. నా లెక్కలో అది ఆలస్యం కాదు, వరస. నెంబరు తెలిస్తే ఎవరైనా ఓపిక పడతారు. టెస్లా సంగతి అలా కాదు. 2016లో వెయ్యి డాలర్లు కట్టి మోడల్ 3 బుక్ చేసుకున్న భారతీయులున్నారు. ఆ కంపెనీ 2025 జులైలో ముంబయిలో దుకాణం తెరిచి అమ్మింది మోడల్ వై. పాతవాళ్ల డబ్బు అప్పటికి వెనక్కి ఇవ్వడం మొదలుపెట్టింది.

నష్టమంతా మనకే

బుకింగ్ ఫారం వెనకవైపు చీమలబారులాంటి అక్షరాలను ఒకసారి చదవండి. డెలివరీ రోజున ఉన్న ధరే వర్తిస్తుందని ఉంటుంది. ఇచ్చిన తేదీ అంచనా మాత్రమేనని ఉంటుంది. అంటే వాళ్లు ఆలస్యం చేసి, ఈలోగా ధర పెంచితే ఆ తేడా కట్టేది మనం! బ్యాంకు లోను మంజూరు పత్రానికి గడువుంటుంది, అదీ దాటిపోతుంది. తెలంగాణలో ఇంకో చిక్కు. 2024 నవంబరు 18 నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసిన విధానానికి గడువు 2026 డిసెంబరు 31. లెక్కలోకి వచ్చేది రిజిస్ట్రేషన్ తేదీ, అడ్వాన్సు కట్టిన తేదీ కాదు. లక్షల్లో తేడా వచ్చే చోట షోరూమ్ వాళ్ల ‘వచ్చే నెల’ ఎంత ఖరీదైన మాటో చూడండి.

అందుకే తేదీ అడక్కండి, ఛాసిస్ నంబరు అడగండి. 17 అక్షరాలూ అంకెలూ ఉండే ఆ నంబరు మన పేరున పడితేనే మనకంటూ ఒక కారు ఉన్నట్టు. అది చేతికొచ్చేదాకా ఇన్సూరెన్సుకీ, మిగతా సొమ్ముకీ తొందరపడొద్దు. లోను డబ్బు ముందే విడుదలైతే రాని కారుకి ఈఎంఐ కట్టాలి. బండి వచ్చాక టైరు పక్కభాగం మీది నాలుగంకెలు చూడండి: 3225 అంటే 2025లో 32వ వారం తయారైన టైరు. స్టాక్‌యార్డులో నెలలపాటు నిలబడిన బండిలో పెద్ద బ్యాటరీ కన్నా ముందు 12 వోల్టుల చిన్న బ్యాటరీ నీరసిస్తుంది. దాన్ని పరీక్షించమని గట్టిగా అడగండి. ఈ ఎదురుచూపుల్లోనే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అనుమతి, మీటరు లోడు, ఎర్తింగ్ పనులు చేయించుకుంటే కారొచ్చిన రోజు ఛార్జింగ్ కోసం పక్కింటి ప్లగ్గు వెతుక్కోనక్కర్లేదు.

ఆలస్యమైతే ఎందుకైందో, కొత్త తేదీ ఏదో, పాత ధర నిలుస్తుందో లేదో మెయిల్‌లో అడగండి. ఫోన్లో చెప్పిన మాటకి రేపు సాక్ష్యం ఉండదు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ ఫిర్యాదుకి ఫీజు లేదు.