ఎండాకాలంలో చల్లగాలి.. ఎవరికి హాయి? ఎవరికి గుండెదడ?

పొద్దున్నే ఏడింటికి బంటుమిల్లి సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. మామూలుగా అయితే ఈ రోజుల్లో ఆ టైముకే చొక్కా తడిసిపోవాలి. తూర్పున మబ్బు, సన్నగా గాలి. "అబ్బ, ఏసీ వేసినట్టుంది" అన్నాడు ఉపాధి పనికి పోతా ఆగిన ఒక కుర్రోడు. బల్ల మీద కూర్చున్న పెద్దాయన గ్లాసు కింద పెట్టి మబ్బు వంక చూశాడు. "నీకు ఏసీయేలే అబ్బాయ్. నా ధాన్యం రోడ్డు మీదుంది" అన్నాడు.

ఇద్దరూ చెప్పింది నిజమే. ఒకే గాలి ఒకడికి హాయి, ఇంకొకడికి గుండెదడ. ఈ గాలి ఎక్కడి నుంచి వస్తంది, ఎందుకిలా రోజుకో రకంగా మారతంది, మన మీద ఏం పడతంది అనేది కుర్రాళ్లు తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

రెండు గాలుల కొట్లాట

మనది సముద్రానికి దగ్గరున్న డెల్టా. ఏప్రిల్, మే నెలల్లో మన మీదకి రెండు రకాల గాలులు వస్తాయి. ఒకటి పడమటి గాలి. దక్కను పీఠభూమి మీద వేడెక్కి, తేమ లేకుండా ఎండిపోయి వస్తది. వడగాలి అనేది ఇదే. రెండోది బంగాళాఖాతం మీద నుంచి వచ్చే గాలి. చల్లగా ఉంటది గానీ నిండా తేమ. ఏ రోజు ఏ గాలిది పైచేయి అయితే ఆ రోజు ఎండ అలా ఉంటది. పడమటి గాలి గెలిస్తే బందరులో కూడా నలభై దాటుద్ది. సముద్రపు గాలి మధ్యాహ్నానికే లోపలికి వచ్చేస్తే మనం బతికిపోతాం.

ఈ రెండూ ఎదురుపడే చోట గీత గీసినట్టు ఒక ద్రోణి ఏర్పడుద్ది. టీవీలో "ఉపరితల ద్రోణి" అంటారే, అది. వేసవిలో ఇది తరచుగా మధ్యప్రదేశ్, విదర్భ వైపు నుంచి కిందకి తమిళనాడు దాకా సాగి ఉంటది. అక్కడ తడిగాలి పైకి లేస్తది. నేల ఎంత కాలితే అంత వేగంగా లేస్తది. పైన గాలి చల్లగా ఉంటే ఆ తేమ కొండల్లాంటి మబ్బులవుద్ది. క్యుములోనింబస్ మేఘాలంటే అవే. మధ్యాహ్నం దాకా ఎండ కాసి, సాయంత్రం నాలుగింటికి ఉన్నట్టుండి చీకటి పడేది వీటి వల్లే.

వాన చినుకు పడకముందే చల్లటి గాలి మొహానికి కొడుద్ది, గమనించారా? మబ్బులోంచి పడే చినుకులు దారిలోనే కొంత ఆవిరైపోతా చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందకి పడి, నేల తగిలి నాలుగు వైపులా చిమ్ముద్ది. మన ఈదురుగాలి అదే. నూజివీడు తోటల్లో మామిడికాయ రాలేదీ, కరెంటు తీగల మీద కొబ్బరిమట్ట పడేదీ దాంతోనే.

మర్నాడు ఎందుకు చల్లగా ఉంటది? మబ్బు ఎండని ఆపుద్ది. పైగా నేల తడిగా ఉంటే, ఎండ వేడి ముందు ఆ తడిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోద్ది, గాలిని వేడెక్కించడానికి తక్కువ మిగులుద్ది. అయితే ఆ ఆవిరంతా గాలిలోనే ఉంటది కదా. మళ్లీ ఎండ వచ్చేసరికి ఒంటి మీద చెమట ఆరదు. మీటరు తక్కువ చూపించినా ఒళ్లు ఉడికిపోద్ది. వాతావరణ శాఖ మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు దాటితేనే వడగాడ్పు లెక్క వేస్తది గానీ, తీరప్రాంతంలో 37 నుంచే లెక్కలోకి తీసుకుంటది. కారణం ఈ ఉక్కే. చల్లబడిందని చెప్పి మధ్యాహ్నం పన్నెండింటికి నీళ్లసీసా లేకుండా పనికి పోవద్దు.

మన మేలు, మన కీడు కూడా మే నెలే

"రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయి" అంటారు పెద్దోళ్లు. 2025లో ఏమైంది? రోహిణి కార్తె మొదలయ్యే రోజులకే నైరుతి వచ్చేసింది. కేరళని మే 24న తాకింది. 2009 తర్వాత అంత తొందరగా రావడం అదే మొదలు. మే 26కి రాయలసీమలోకి అడుగు పెట్టింది. అంతకుముందు మే మొదటి వారంలోనే రాష్ట్రమంతా ఈదురుగాలులు, పిడుగులు.

2023 మే ఇంకో రకం. నెల మొదట్లో వానలు, మబ్బులు. తర్వాత మోఖా తుపాను పుట్టి మే 14న మయన్మార్ మీదకి పోయింది. పోతా పోతా తేమంతా తనవైపు లాక్కుంది. ఇక్కడ పడమటి గాలికి అడ్డు లేకుండా పోయి ఎండ దంచేసింది. ఒకే నెలలో దుప్పటి కప్పుకున్న రాత్రి ఉంది, తడిగుడ్డ కట్టుకున్న పగలు కూడా ఉంది.

ఇంకో సంగతి మర్చిపోకూడదు. మన తీరంలో మే నెల మబ్బు ఒక్కోసారి తుపాను మబ్బు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపాను తొమ్మిది వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర దాటింది. 2022 మే 11న అసాని బలహీనపడి బందరుకీ నరసాపురానికీ మధ్య, అంటే మన పక్కనే తీరం దాటింది. దివిసీమ అంటే 1977 నవంబరు ఉప్పెనే అందరికీ గుర్తు. అందుకే మే నెలలో రెండు మూడు రోజులు ఆగకుండా తూర్పు గాలి, ముసురు పట్టిందంటే మా ఇళ్లల్లో ముసలాళ్లు రేడియో దగ్గర నుంచి కదిలేవాళ్లు కాదు.

"చల్లగా ఉంది కదా, ఇంక భూమి వేడెక్కడం ఏంటి?" అని కొందరు వాట్సాప్‌లో ఎకసెక్కాలు పెడతన్నారు. ఒక్క వారం చల్లదనం చూసి అలా అనడం కుదరదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ఇంచుమించు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. సముద్రం వేడెక్కేకొద్దీ మబ్బుకి మేత పెరుగుద్ది. కురిస్తే కుండపోత, లేకపోతే మాడు. ఈ తేడాలు పెరగడమే మనం భయపడాల్సింది.

రోడ్డు మీద ధాన్యం, చెరువులో రొయ్య

కాలవ నీళ్లిచ్చిన ఏడాది మన దగ్గర దాళ్వా కోతలు సరిగ్గా ఈ రోజుల్లోనే. మిషన్‌తో కోసిన ధాన్యం పచ్చిగా ఉంటది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదు. పొలంలో పదును ఆరదు, ఊళ్లో కల్లాలు లేవు. అందుకే రోడ్డే కల్లం. నాలుగు రోజుల ఎండ దొరికితే అమ్ముకుంటాడు. మబ్బు పడితే బరకం కప్పాలి, కప్పితే లోపల ఆవిరి పట్టుద్ది, తీస్తే జల్లు పడుద్ది. మూడో రోజుకి మొలక.

ఇక్కడే అసలు అన్యాయం. ఫసల్ బీమా రూలులో కోసిన పంటకి కూడా 14 రోజుల వరకూ అకాల వర్షం నష్టం వర్తిస్తది, 72 గంటల్లోపు చెప్పుకోవాలి. కానీ ఆ రూలు మాట్లాడేది పొలంలో ఆరబెట్టిన పంట గురించి. మన ధాన్యం రోడ్డు మీద రాశి. ఇన్‌పుట్ సబ్సిడీకి 33 శాతం పైన పంట నష్టం రాయాలి. రాసినా ఎవరి పేరున రాస్తారు? డెల్టాలో సాగు చేసేవాళ్లలో చాలామంది కౌలుదారులే. 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలంటే ఆసామి సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి పోద్దని ఆసామి భయం. కార్డు లేదు గనక తడిసిన ధాన్యానికి దిక్కు లేదు. తెలంగాణలో ఉపాధి హామీ డబ్బుతో రైతులకి కల్లాలు కడితే, 2022లో కేంద్రం అభ్యంతరం పెట్టి ఆ సొమ్ము వెనక్కి కట్టమంది. చేపలు ఆరబెట్టే దిమ్మెలకి పనికొచ్చిన పథకం వడ్లు ఆరబెట్టడానికి ఎందుకు పనికిరాదో ఎవరైనా చెప్పాలి.

చెరువుల వాళ్లకి ఇంకో బాధ. మబ్బు పడితే నీళ్లలో పాచికి ఎండ అందదు, ప్రాణవాయువు తయారవడం తగ్గుద్ది. చల్లటి వాననీరు తేలికగా పైన పొరలా నిలబడి అడుగునీటికి గాలి అందకుండా చేస్తది. ఉప్పదనం, పీహెచ్ ఒక్కసారిగా పడిపోతాయి. వనామి రొయ్యకి 28 నుంచి 32 డిగ్రీలు హాయి. అంతకన్నా తగ్గితే మేత తినదు. వేసిన మేత అడుగున కుళ్లి ఇంకాస్త ప్రాణవాయువు లాగేస్తది. తెల్లారుజామున రొయ్య పైకి తేలేది అందుకే. మబ్బు పట్టిన రోజు మేత తగ్గించాలి, ఏరియేటర్లు ఆపకూడదు. కానీ ఈదురుగాలికి ముందు పోయేది కరెంటే. డీజిలు ఖర్చు ఎవడి నెత్తి మీద పడుద్దో వేరే చెప్పక్కర్లేదు.

ఫోనులో ఏం చూడాలి?

బందరులో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. అది తీసిన బొమ్మలు ఆ శాఖ వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. వాన ఎటు నుంచి ఎటు కదులుతుందో తెలిసిపోద్ది. పిడుగుల కోసం పూణే శాస్త్రవేత్తలు చేసిన దామిని యాప్ ఉంది. మెరుపు మెరిశాక లెక్క పెట్టండి. ముప్పై లెక్కపెట్టే లోపు ఉరుము వినపడితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. చేను గట్టు మీద నుంచి, చెట్టు కింద నుంచి, చెరువు దగ్గర నుంచి వెంటనే పక్కా ఇంట్లోకి పోవాలి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటకి రావద్దు.

మీరు చేయాల్సిన పని ఇంకోటుంది. ఫోను చేతిలో ఉంది కదా, ఊళ్లో నాలుగు కల్లాల వాళ్లకి సాయంత్రం వానొస్తుందని మధ్యాహ్నమే చెప్పండి. తడిస్తే తేదీ, టైము పడేలా ఫోటో తీయండి. 72 గంటలు దాటకముందే రైతు సేవా కేంద్రంలో కాగితం ఇప్పించి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. గ్రామసభలో సిమెంటు కల్లం, సబ్సిడీ బరకాలు, కౌలు కార్డులు అడిగి తీర్మానం రాయించండి. మబ్బుని మనం ఆపలేం గానీ, మబ్బు పట్టినప్పుడల్లా కౌలు రైతే మునిగేలా ఉన్న రూలుని మార్పించగలం.

ఆ రోజు టీ తాగాక ఉపాధి పనికి పోవాల్సిన కుర్రోడు పోలేదు. పెద్దాయనతో పాటు రోడ్డు మీదకి పోయి బరకం రెండో కొస పట్టుకున్నాడు. చినుకు పడే లోపు రాశి మూసేశారు.