పాలలో వెన్న, ఒంట్లో లెక్క

ఆమదాలవలస పక్క పల్లెలోనైనా, చీపురుపల్లి దగ్గరైనా పొద్దున్నే పాలకేంద్రం ముందు వినబడే మాట ఒకటే: "ఈ రోజు వెన్న ఎంత పడింది?" గేదె పాలకు సాధారణంగా ఆరు, ఏడు శాతం పడుతుంది. ఆవు పాలకు మూడున్నర, నాలుగు. రైతు చేతికొచ్చే డబ్బు ఈ అంకె మీద, ఎస్.ఎన్.ఎఫ్. అనే వెన్న కాని ఘనపదార్థాల మీద ఆధారపడి ఉంటుంది. పట్నంలో రక్తపరీక్ష చేయించుకుని వచ్చిన పెద్దాయనకు మాత్రం ఆ అంకె అంటేనే భయం. కొలెస్ట్రాల్ ఉందన్నారు, వెన్న తీసిన పాలకు మారాలా? ఆ అంకె సగం సంగతే చెబుతుంది. మిగతా సగం తెలియాలంటే వెన్నను ఎలా కొలుస్తారో చూడాలి.

కొలత చేసే పని

ఇప్పుడు చాలా కేంద్రాల్లో మిషనే రీడింగు చూపిస్తోంది. పాత పద్ధతి గెర్బర్ పరీక్ష. సన్నని మెడ ఉన్న గాజు గొట్టంలో 10 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, దాని మీద 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్ పోస్తారు. బిరడా బిగించి కుదిపితే గొట్టం పట్టుకోలేనంత వేడెక్కి, పాలు ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తిప్పితే కొవ్వంతా పైకి తేలి మెడలో పచ్చగా నిలుస్తుంది. మెడ మీది గీతల్లో అది ఎంతవరకు ఉందో అదే వెన్న శాతం.

అక్కడ ఆమ్లం చేసిన పని గమనించాలి. పాలలో కొవ్వు అతి చిన్న బిందువులుగా ఉంటుంది. ఒక్కో బిందువు సగటున మిల్లీమీటరులో వెయ్యోవంతుకు మూడు నాలుగు రెట్లు. ప్రతి బిందువు చుట్టూ ఫాస్ఫోలిపిడ్లు, ప్రోటీన్లతో అల్లిన పలుచని పొర ఉంటుంది. ఆ పొర వల్లే కొవ్వు విడిపోకుండా పాలలో ఇమిడి ఉంటుంది. ఆమ్లం దాన్ని కరిగించేస్తుంది. కవ్వం చేసేదీ దాదాపు ఇదే: పొరలు చిరిగి వెన్న ముద్దకడుతుంది, చిరిగిన పొరల్లో చాలా భాగం మజ్జిగలోనే ఉండిపోతుంది.

గుండెకు ఈ పొరతో పని ఉందా? స్వీడన్‌లోని ఉప్సలా శాస్త్రవేత్తలు 2015లో ఒక ప్రయోగ ఫలితం ప్రకటించారు. బరువెక్కువగా ఉన్నవాళ్లను రెండు జట్లు చేసి, ఎనిమిది వారాల పాటు రోజూ 40 గ్రాముల పాల కొవ్వు ఇచ్చారు. ఒక జట్టుకు పొర చెదరని మీగడగా, రెండో జట్టుకు మన నెయ్యిలాంటి కరిగించిన కొవ్వుగా. నెయ్యి రూపంలో తిన్నవాళ్లకు చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్.డి.ఎల్. పెరిగింది. మీగడ జట్టుకు పెరగలేదు. ఇది చిన్న ప్రయోగమే. అయినా చీజ్‌ను, వెన్నను పోల్చిన పరీక్షల్లోనూ కొవ్వు సమానంగా ఉన్నా ఎల్.డి.ఎల్.ను వెన్నే ఎక్కువ పెంచింది.

అలాగని పాల కొవ్వు అమాయకం కాదు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు సంతృప్త కొవ్వు. రక్తంలోని ఎల్.డి.ఎల్.ను లోపలికి లాక్కునే గ్రాహకాలు కాలేయంలో ఉంటాయి. సంతృప్త కొవ్వు మితిమీరితే వాటి పని మందగించి, ఎల్.డి.ఎల్. రక్తంలోనే తిరుగుతూ రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది.

కంచంలో మిగతావి

భారత్‌తో సహా 21 దేశాల్లో లక్షా 36 వేల మందిని సుమారు తొమ్మిదేళ్లు గమనించిన ప్యూర్ అధ్యయనం 2018లో 'లాన్సెట్'లో వచ్చింది. రోజుకు రెండుసార్లకు మించి పాలు, పెరుగు తీసుకునేవాళ్లలో గుండెజబ్బులు, పక్షవాతం, మరణాలు తక్కువగా కనిపించాయి. పాలు ఎక్కువ కొనుక్కోగలిగినవాళ్లకు మిగతా వసతులూ ఎక్కువే కాబట్టి ఘనతంతా పాలకే కట్టబెట్టలేం. కానీ రోజుకు గ్లాసో రెండు గ్లాసులో పాలు తాగితే గుండెకు ముప్పు తప్పదన్న భయం దీనితో చాలావరకు సడలింది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సగటు కంచం చూస్తే భయపడాల్సింది వేరే చోట ఉంది. రెండు పూటలా గుట్టగా తెల్లన్నం, మధ్యలో పంచదార వేసిన టీలు. పిండిపదార్థం అవసరానికి మించితే కాలేయం దాన్నే ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది. మన దేశంలో మధుమేహుల రిపోర్టుల్లో తరచూ కనబడే తీరు ఇదే. 2023లో ప్రచురితమైన ఐ.సి.ఎం.ఆర్.–ఇండియాబ్ సర్వే దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని తేల్చింది. టీకి రెండు చెంచాల చొప్పున నాలుగు టీలు తాగితే 35, 40 గ్రాముల పంచదార లోపలికి పోతుంది. ఆ పంచదార అలాగే ఉంచి పాలలో వెన్న మాత్రం తీయిస్తే దక్కే మేలు కొంచెమే.

ప్యాకెట్టు ఎంచుకోవడం

ఆహార ప్రమాణాల ప్రకారం ఫుల్ క్రీమ్ పాలలో కనీసం 6 శాతం వెన్న ఉండాలి. స్టాండర్డైజ్డ్ పాలలో 4.5, టోన్డ్ పాలలో 3, డబుల్ టోన్డ్ పాలలో 1.5. టోన్డ్ పాలు పుట్టింది గుండె కోసం కాదు. 1940ల్లో బొంబాయిలో పాలకొరత ఉన్నప్పుడు దారా ఖురోడీ గేదె పాలకు నీళ్లు, వెన్న తీసిన పాలపొడి కలిపి, చవగ్గా ఎక్కువమందికి అందేలా చేశారు. ప్రోటీను, కాల్షియం పెద్దగా తగ్గకుండా కొవ్వు సగమైంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే మోతాదు రోజుకు 300 మి.లీ. ఫుల్ క్రీమ్ అయితే దాంట్లో 18 గ్రాముల కొవ్వు, అందులో సంతృప్తమైనది 12 గ్రాముల దాకా. రోజుకు 2,000 కేలరీలు తినేవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ విధించిన హద్దు సుమారు 22 గ్రాములు; అంటే ఆ హద్దులో సగం పాలతోనే అయిపోయింది. టోన్డ్ పాలైతే హద్దులో పావు వంతుకు కాస్త ఎక్కువే అవుతుంది, పైగా ఓ 80 కేలరీలు ఆదా. ఎల్.డి.ఎల్. ఎక్కువున్నవాళ్లకు, గుండెపోటు వచ్చి కోలుకున్నవాళ్లకు, బరువు తగ్గాల్సినవాళ్లకు టోన్డే నయం. ఇంట్లో గేదె పాలే వాడుతుంటే కాచి చల్లార్చి మీగడ తీసేస్తే కొవ్వు చాలావరకు తగ్గుతుంది. కానీ ఆ మీగడే నెయ్యిగా మారి పప్పన్నంలోకి వస్తే పొర పోయిన కొవ్వు తిన్నట్టే. బక్కచిక్కిన కూలీకి, పొలం పనికి పోయే మనిషికి ఈ లెక్కలు అక్కర్లేదు. రెండేళ్లలోపు పిల్లలకైతే వెన్న తగ్గించిన పాలు పట్టకూడదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంకో జాగ్రత్త కావాలి. కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బుతో ఉన్న ఇళ్లు చాలా. జబ్బు ముదిరినవాళ్ల రక్తంలో భాస్వరం, పొటాషియం పేరుకుంటాయి. ఈ రెండూ పాలలో ఉంటాయి, వెన్న తీసినా తగ్గవు. అందుకే వాళ్లు టోన్డ్ ప్యాకెట్టుకు మారి నిశ్చింతగా ఉండటానికి లేదు. రోజుకు ఎన్ని పాలు, ఎంత పెరుగు తీసుకోవచ్చో రక్తపరీక్ష చూపించి డాక్టరుతోనే తేల్చుకోవాలి.