మీకు తెలుసా? బొల్లారం ఫౌజు కథ

సికింద్రాబాద్ నుంచి మేడ్చల్‌కు వెళ్లే రైలు దారిలో బొల్లారం తగులుతుంది. 19వ శతాబ్దంలో హైదరాబాద్ కాంటింజెంట్ అనే ఫౌజుకు ముఖ్య స్థావరం అదే. ఖర్చు నిజాంది, అజమాయిషీ బ్రిటిష్ అధికారులది.

1857 తిరుగుబాటును అణచడానికి 1858లో ఈ ఫౌజు బ్రిటిష్ సేనాని సర్ హ్యూ రోజ్ వెంట మధ్య భారత యుద్ధానికి కదిలింది. అక్కడ పోరాడినవారికి వెండి పతకం ఇచ్చారు. దాని పట్టీపై ‘సెంట్రల్ ఇండియా’ అని ఉంటుంది, అంచున సైనికుడి పేరు ఉంటుంది. భారతీయ సిపాయిలకూ ఈ పతకం దక్కింది.

బ్రిటిష్ వారి అత్యున్నత సాహస పురస్కారమైన విక్టోరియా క్రాస్ సంగతి వేరు. 1859 జనవరి 15న కాంటింజెంట్ రెండో అశ్వదళానికి చెందిన కెప్టెన్ హెర్బర్ట్ మాక్‌వర్త్ క్లాగ్‌స్టన్ ఎనిమిది మంది సవార్లతోనే తిరుగుబాటుదారుల మీదికి దూకాడు. వాళ్లు దోచిన సొత్తు వదిలి పారిపోయారు. ఆయన తీవ్రంగా గాయపడ్డాడు, వెంట వెళ్లినవారిలో ఏడుగురిని కోల్పోయాడు. ఆ సాహసానికి ఆయనకు విక్టోరియా క్రాస్ వచ్చింది. 1862లో హింగోలి దగ్గర పోరులో చనిపోయాడు.

మరి ఆ సవార్లు? పక్కనే గుర్రాలు దౌడు తీయించినా వాళ్లకు ఆ క్రాస్ పొందే అర్హతే లేదు. ఇది అన్యాయమే. భారతీయ సైనికులకు ఆ అర్హత 1911లో గానీ రాలేదు.