లోతుల నుండి ఒక మొర

దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం)కు జబూర్ గ్రంథం ప్రసాదించబడిందని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది (నిసా 163, బనీ ఇస్రాయీల్ 55). ఈ విషయం తెలియని ముస్లిం కుటుంబం అరుదు. అయితే యూదులు, క్రైస్తవులు నేటికీ తమ ఆరాధనలలో పఠించే కీర్తనలలో ఏమున్నదో ఎరిగినవారు మనలో కొద్దిమందే.

వారి కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలున్నాయి. హెబ్రూ ప్రతిలో 73 కీర్తనల శీర్షికలు దావూద్ పేరును పేర్కొంటాయి. తక్కినవాటిలో కొన్ని ఇతరుల పేర్లతో ఉండగా, కొన్నింటికి ఏ పేరూ లేదు. 130వ కీర్తన ఈ చివరి కోవకు చెందినది. ఇందులో ఉన్నవి ఎనిమిది వచనాలే. అగాధంలో చిక్కుకున్న ఒక దాసుడు తన ప్రభువుకు మొరపెట్టుకుంటాడు. ఆయన దోషాలను లెక్కిస్తే నిలువగలవారెవరూ ఉండరని ఒప్పుకుంటాడు. రాత్రి కావలివాడు తెల్లవారుట కోసం చూసేదానికన్నా ఆత్రంగా ప్రభువు కరుణ కోసం నిరీక్షిస్తాడు. ఈ మొరలో దాసునికీ ప్రభువుకూ నడుమ మరొకరి ప్రస్తావన లేదు.

120 నుండి 134 వరకు గల పదిహేను గీతాలను తెలుగు బైబిలు 'యాత్రకీర్తనలు' అంటుంది. పండుగలకు యెరూషలేము వెళ్ళే యాత్రికులు వీటిని పాడేవారని పలువురు పండితుల అభిప్రాయం. 130వ కీర్తనలో 'లోతులు' అనే అర్థంలో వచ్చే హెబ్రూ పదానికీ, అరబీలోని 'అమీఖ్' పదానికీ ధాతువు ఒక్కటే. హజ్ యాత్రికులు ఏ దూరపు దారుల గుండా వస్తారో వర్ణిస్తూ ఖుర్ఆన్ ఈ 'అమీఖ్' పదాన్నే వాడింది (హజ్ 27).

యూదులు కష్టకాలంలోనూ, రోగుల స్వస్థత కోసమూ ఈ కీర్తనను చదువుతారు. వారి నూతన సంవత్సరానికీ ప్రాయశ్చిత్త దినానికీ నడుమ గల పశ్చాత్తాప దినాలలో, అనేక సమాజాలవారు ఉదయ ప్రార్థనలో దీనిని చేర్చుకుంటారు. క్రైస్తవ సంప్రదాయంలో ఇది ఏడు పశ్చాత్తాప కీర్తనలలో ఒకటి. కేథలిక్కులు మృతుల కోసం దీనిని పఠిస్తారు. జర్మనీలో మార్టిన్ లూథర్ దీని ఆధారంగా రచించిన గీతం 1524లో అచ్చయింది.

మరి మన వైఖరి ఎలా ఉండాలి? జబూర్ దైవావతరితమని మనం విశ్వసిస్తాం. అలాగని నేటి ప్రతులలోని ప్రతి మాటనూ దానికి అంటగట్టము. గ్రంథవహులు చెప్పేదానిని ధ్రువీకరించనూ వద్దు, తిరస్కరించనూ వద్దని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. ఖుర్ఆన్ ధ్రువీకరించిన దానిని ఒప్పుకుంటాం, ఖండించిన దానిని విడిచిపెడతాం, తక్కినదాని విషయంలో మౌనం వహిస్తాం. ఈ మౌనం అవమానం కాదు, అమానతు. పొరుగు క్రైస్తవ కుటుంబం తమవారిని పోగొట్టుకుని ఈ కీర్తన చదువుకునేటప్పుడు మన నోట హేళన రాకూడదు.

ఈ మొరలోని భావం మనకు పరాయిది కాదు. చేప కడుపులోని చీకట్లలో యూనుస్ ప్రవక్త (అలైహిస్సలాం) తన తప్పును ఒప్పుకుని అల్లాహ్‌ను వేడుకున్నారు, అల్లాహ్ ఆలకించాడు (అంబియా 87, 88). తెల్లవారుజామున క్షమాపణ వేడుకునేవారిని ఖుర్ఆన్ ప్రశంసిస్తోంది (ఆలి ఇమ్రాన్ 17, జారియాత్ 18). రమజాన్‌లో సహరీ కోసం ఇల్లంతా లేస్తుంది. తక్కిన పదకొండు నెలలలో ఆ ఘడియ మన ఇళ్ళలో ఎలా గడుస్తోంది? వారానికి ఒక్క రాత్రయినా, ఫజ్ర్ అజాన్‌కు కాస్త ముందే తల్లిదండ్రులు లేచి రెండు రకాతులు చదివి చేతులెత్తితే, పిల్లలు చూసి నేర్చుకుంటారు.